ఉత్తరపు గోలులో చప్పుడు

లోకాన్నంతటినీ ఒక్క దుప్పటి కింద నిద్రపుచ్చే రాత్రితల్లీ, ముందుగా నీకు నమస్కారం. భయపడి పరుగెత్తే పాదాలకు దారివి నీవే. పగటి ముందు ఏడవలేని కళ్ళకు చాటువి నీవే. చెప్పబోయే మాటలో అబద్ధం చేరకుండా, చెప్పే గొంతు నడిమధ్యలో తెగిపోకుండా కాపాడు తల్లీ.

ఇది తలుపన్న అనే గోల్‌కీపరు కథ. ఆయన్ని ప్రాణంతో సమానంగా ప్రేమించి, ఆయన మీదే తొమ్మిదేళ్ళు అలిగి కూర్చున్న ఒక బస్సు కండక్టరు కథ. ఆ కండక్టరు నోట విన్నది విన్నట్టుగా చెబుతున్నాను.

పాత మైదానంలో ఉత్తరం వైపు గోలుకు మంచి పేరు లేదు.

పగలు చూస్తే అక్కడ భయపడవలసింది ఏమీ కనిపించదు. రెండు తెల్లని స్తంభాలు, వాటి మీద ఒక అడ్డకమ్మీ, వెనకాల నడుమెత్తు చెక్కగోడ, ఆ గోడ వెనక వరసలు వరసలుగా సిమెంటు మెట్లు. ఆటలు లేని నెలల్లో వల విప్పి, ఉతికి, చుట్టి కొట్టుగదిలో పెడతారు. అప్పుడా గోలు సామాను తీసేసిన ఇల్లులా బోసిగా నిలబడి ఉంటుంది.

రాత్రి మాత్రం అక్కడ ఎవరో ఆడతారు.

ముందు ధప్పుమని ఒక చప్పుడు. తోలు మీద తోలు పడ్డట్టు. కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ ధప్. నడుమ నడుమ ఒక ఆడగొంతు ఏదో గొణుగుతుంది. మాటలు తెలియవు. దీపం కనబడదు. మైదానం నాలుగు మూలలా ఉన్న లైట్ల స్తంభాలు ఆరిపోయే ఉంటాయి. ఆ కటిక చీకట్లో బంతిని చూసి ఆడగల మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు — అందుకని అది మనిషి కాదని ఊరు తేల్చేసింది.

ఎనిమిదేళ్ళలో ఐదుగురు కాపలావాళ్ళు మారారు. ఒకడైతే చెప్పులు కూడా వదిలేసి పోయాడు. పూర్వం ఎవరో ఆటగాడు ఆ స్తంభానికి తల కొట్టుకుని చనిపోయాడని కొందరన్నారు. ఆ గొణిగేది అతని పెళ్ళామని ఇంకొందరు కలిపారు. అలాంటి ఆటగాడెవడూ తమ రిజిస్టర్లలో లేడని క్లబ్బు గుమాస్తా నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాడు లేడు. దెయ్యానికి రిజిస్టరుతో ఏం పని?

ఆరో కాపలావాడు ముసలాయన. చీకటి పడగానే గేటు పక్క గదిలోకి దూరి, గడియ వేసుకుని, రేడియో పెట్టుకుని, తెల్లవారాకే బయటికి వస్తాడు. అతని ఉద్యోగం నిలిచింది అందువల్లే.

ఇక తలుపన్న సంగతి.

పద్నాలుగేళ్ళు ఆయన ఆ ఊరి జట్టుకు గోల్‌కీపరు. ఎదుటి జట్టు బంతి తీసుకుని గోలు మీదికి వచ్చినప్పుడల్లా ఉత్తరపు మెట్ల మీద జనం ఒక్క గొంతుతో "తలుపెయ్యన్నా!" అని అరిచేవారు. ఆయన వేసేవాడు. కన్నతల్లి పెట్టిన పేరు ఆ కేకల కిందపడి ఎప్పుడో మాసిపోయింది.

ఆ కేకకు మొదలు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి ముందున్న డ్రైవరుకు వినిపించేలా అరిచి అరిచి సాన పట్టిన గొంతు అతనిది. అతను ఎత్తుకుంటే మెట్లన్నీ అందుకునేవి. బంతి ఏ పక్కన వస్తే ఆ పక్క జనం ముందుగా లేచి గోల చేసేవారు. ఆ గోల గాలివానలా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఊగేది.

ఆట అయ్యాక తలుపన్న వెంటనే వెళ్ళిపోయేవాడు కాదు. వెనక్కి తిరిగి, మెట్ల వైపు చూసి, గ్లౌజులు తొడిగిన రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. ఆ ఒక్క నిమిషం కోసం వారమంతా బతికేవాళ్ళున్నారు. కండక్టరు వాళ్ళలో మొదటివాడు.

చివరి ఆట రోజు వచ్చింది.

కండక్టరు ముందురోజే అందరినీ పోగేసి చెప్పాడు — "అరుపులు ఎప్పుడూ ఉన్నవే. పెద్దమనిషిని సాగనంపేటప్పుడు అరవకూడదు. ఆఖరి పదిహేను నిమిషాలు అందరం లేచి, టోపీలు తీసి, చప్పుడు చెయ్యకుండా నిలబడదాం. మర్యాదంటే అదీ. ఆయన మనవైపు తిరిగి చేతులెత్తగానే — అప్పుడు చూపిద్దాం మన గొంతులేంటో."

అందరికీ నచ్చింది. అలాగే నిలబడ్డారు. నాలుగు వేలమంది. ఎవరి ఊపిరి వాళ్ళకు వినిపించేంత మౌనం.

అప్పుడొక బంతి వచ్చింది.

గట్టిది కాదు. దొర్లుకుంటూ వచ్చిన బంతి. పసిపిల్లాడు కాలు అడ్డం పెట్టినా ఆగేది. తలుపన్న కదల్లేదు. బంతి ఆయన కాలి పక్కనుంచే, చుట్టంలా తీరిగ్గా, లోపలికి వెళ్ళిపోయింది.

రెఫరీ ఈల వేశాడు. ఆట అయిపోయింది. తలుపన్న కొంతసేపు అలాగే నిలుచున్నాడు. మెట్ల మీద నాలుగు వేలమంది ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు — ఇప్పుడు తిరుగుతాడు... ఇదిగో ఇప్పుడు...

తిరగలేదు. తల వంచుకుని, తోటి ఆటగాడి భుజం పట్టుకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ మైదానంలో ఆయన్ని ఎవరూ చూడలేదు.

"మనమేం తప్పు చేశాం?" అని కండక్టరు తొమ్మిదేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. ఇంట్లో అడిగాడు. బస్సులో అడిగాడు. సెలూన్ నడిపే బావమరిది గడ్డం గీస్తుంటే కత్తి కింద కూడా అడిగాడు. మధ్యలో ఒకసారి — నాలుగేళ్ళ కిందట — తలుపన్నా, ఆయన భార్యా అతని బస్సే ఎక్కారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తలుపన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. కావాలనే నోరు విప్పలేదు. ఆయనే పలకరించాలి అనుకున్నాడు. ఆయన కిటికీ వైపే తల పెట్టి కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి చాపితే టిక్కెట్లు చింపి ఇచ్చి, కండక్టరు వెనక్కి నడిచాడు.

"నా మొహం చూసి కూడా పలకలేదురా," అన్నాడు ఆ సాయంత్రం బావమరిదితో. "కుక్కకైనా తెలుస్తుంది, తనని ఎవరు ప్రేమించారో."

ఇదీ జరిగింది. ఇప్పుడు తలుపన్న చనిపోయాడు.

నిద్రలోనే పోయాడన్నారు. యాభై రెండేళ్ళు. వార్త తెలిసిన గంటలో మైదానం గేటు ముందు జనం చేరారు. ఎవరూ చెప్పకుండానే ఎవరిళ్ళలోంచి వాళ్ళు పాత గ్లౌజులు తెచ్చి గేటు ఊచలకు కట్టారు. పిల్లలవి, పెద్దలవి, వంట గదిలో వేడిగిన్నెలు దించే తొడుగులు కూడా. మూడో నాటి సాయంకాలానికి గేటు నిండా చేతులే. గాలి వస్తే అన్నీ ఒక్కసారి ఊగేవి.

కండక్టరు తేలేదు. గేటుకు దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఎవరో ఏడుస్తూ అతని భుజం మీద పడితే వీపు తట్టాడు గానీ, అతనికి మాత్రం ఏడుపు రాలేదు. అలక గుండెల మీద రాయిలా కూర్చుంది. అది లేస్తే గదా ఏడుపు బయటికి వచ్చేది.

కాపలా తాత అతని దగ్గరికి జరిగాడు.

"నిన్న రాత్రి మళ్ళీ ఆడాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు?"

"ఇంకెవరు నాయనా... మీ తలుపన్నే. ఆయన పోయిన రాత్రి చప్పుడు లేదు. నిన్న మొదలైంది. కాకపోతే చప్పుడు మారింది. ఇదివరకు మెత్తగా ధప్పుమనేది. నిన్న చెక్క పగిలినట్టు ఠప్పుమంది."

పక్కనే ఉన్న బావమరిది అందుకున్నాడు. "ఎనిమిదేళ్ళ నుంచి ఆడే దెయ్యం ఆయనదెలా అవుతుంది తాతా? ఆయన పోయింది మొన్న కదా?"

"నేను జీతానికి ఉన్నాను బాబూ, దెయ్యాల జాతకాలు రాయడానికి కాదు," అన్నాడు తాత.

కండక్టరు మెల్లగా అన్నాడు — "నేనెళ్ళి అడుగుతాను."

"ఏమని? టిక్కెట్టు, టిక్కెట్టనా?"

"వెళ్ళేటప్పుడు మావైపు ఎందుకు తిరగలేదని."

బావమరిది మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"బావా... అది మనిషి కాదు. పిచ్చిపని చెయ్యకు. అక్కకి ఏం చెప్పమంటావ్?"

"రాత్రి డ్యూటీ అని చెప్పు."

"దెయ్యంతో డ్యూటీ అంటే ఇంకా తొందరగా నమ్ముతుంది. నీ సంగతి ఆవిడకి తెలుసు."

"ఒరేయ్, బతికి ఉండగా నోరు విప్పి అడగలేకపోయాను. అభిమానం అడ్డొచ్చింది. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆయనే అయితే అడుగుతాను. చంపితే చంపనీ. జవాబు చెప్పి చంపమంటాను."

అక్కకి ఆ అబద్ధం చెప్పడానికి బావమరిది ఇంటి దారి పట్టాడు.

అర్ధరాత్రి దాటింది.

ఉత్తరపు మెట్ల వెనక ప్రహరీలో ఒకచోట రేకు ఊడి ఉంటుంది. కండక్టరు ఒంగి లోపలికి దూరాడు. చంద్రుడు లేడు. చేత్తో తడుముకుంటూ, తను పద్నాలుగేళ్ళు నిలుచున్న మెట్టు వెతుక్కుని కూర్చున్నాడు — అన్నిటికంటే కింది వరస, చెక్కగోడకు ఆనుకుని. గోడకు అవతల వల విప్పేసిన గోలు. తెల్లని స్తంభాలు లీలగా, ఎముకల్లా కనిపిస్తున్నాయి.

ఎంతసేపు గడిచిందో తెలియదు. మెట్ల చల్లదనం ఒంట్లోకి ఎక్కింది.

దూరంగా ఎక్కడో ఇనప గొళ్ళెం కదిలింది.

అడుగులు. గడ్డి మీద పడే అడుగులకు చప్పుడుండదు... కానీ తెలుస్తుంది. ఎవరో వస్తున్నారని చీకటికి తెలుస్తుంది.

అడుగులు ఆగాయి.

తర్వాత — ఠప్!

అతని మోకాళ్ళ ముందున్న చెక్కగోడ అదిరింది. అవతల ఏదో వస్తువు గడ్డి మీద దొర్లుకుంటూ వెనక్కి వెళ్ళింది. నిశ్శబ్దం. మళ్ళీ... ఠప్!

ఈసారి చప్పుడుకు ముందు గొంతు వినిపించింది. ఆడగొంతు. ఎనిమిదేళ్ళుగా ఊరంతా విని, ఎవరూ అర్థం చేసుకోనిది. ఇంత దగ్గరగా కూర్చున్నవాడికి ఇప్పుడు మాట తెలిసింది.

"ఎడమ..."

ఠప్!

"కుడి... కింద..."

ఠప్!

ఎవరితో చెబుతోంది? గోలులో ఎవరూ లేరు. కళ్ళు పొడుచుకుని చూశాడు. స్తంభాల నడుమ నల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు.

"పైన..." అంది గొంతు.

చప్పుడు రాలేదు.

వచ్చింది బంతి. చెక్కగోడ మీదుగా, చీకట్లోంచి చీకట్లోకి, నేరుగా కండక్టరు గుండెల మీదికి. ఆలోచన కంటే ముందు చేతులు కదిలాయి. రెండు చేతులా దాన్ని పొదివి పట్టుకున్నాడు. చిన్న సవ్వడి కూడా కాలేదు.

అవతల గాలి కూడా నిలిచిపోయినట్టయింది.

ఒక క్షణం... రెండు...

"ఏమండీ..." అంది ఆ గొంతు, వణుకుతూ. "పట్టుకున్నారా?"

బంతి చేతుల్లో మంచుగడ్డలా ఉంది.

"మీరేనా? ... పలకరేం? పట్టుకున్నారు కదూ?"

ఆ గొంతులో భయం లేదు. ఆశ ఉంది. భయపెట్టే గొంతుకైతే అతను పారిపోయేవాడే. అంత ఆశ నిండిన గొంతుకు పారిపోవడం ఎలాగో అతనికి తెలియలేదు.

"అమ్మా..." అన్నాడు ఎలాగో. "ఆయన కాదు. నేను... బస్సు కండక్టర్ని."

అవతల ఎవరో నిలువునా గడ్డి మీద కూలబడ్డ చప్పుడు.

కండక్టరు గోడ దూకి వెళ్ళాడు. అక్కడ దెయ్యం లేదు. తలుపన్న భార్య ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతుల్లో మొహం దాచుకుని ఉంది.

"ఒక్క క్షణం..." అంది చేతుల్లోంచే. "ఒక్క క్షణం నిజమే అనుకున్నాను."

అతను బంతి ఆవిడ పక్కన పెట్టి, దూరంగా చతికిలబడ్డాడు. ఏం అనాలో తోచక "క్షమించండి వదినా" అన్నాడు. ఆయన అన్న అయినప్పుడు ఆవిడ వదినే గదా.

ఆ పిలుపుకు ఆవిడ తలెత్తింది. "ఉత్తరపు మెట్ల మీద కేకలేసే కండక్టరేనా?"

"నన్ను మీకెలా తెలుసు?"

"మా ఇంట్లో మీ గొంతు వినబడని పూట లేదు. ఆయన స్నానం చేస్తూ మీలాగే 'తలుపెయ్యన్నా' అని అరిచేవాడు. నేను నిజంగానే వెళ్ళి తలుపు వేసేదాన్ని." నవ్వబోయింది. నవ్వు సగంలో తెగింది. "మీ దయవల్లే గదా రెండేళ్ళు ఎక్కువ ఆడాడు."

"నా దయేమిటి వదినా?"

ఆవిడ కాసేపు బంతిని నిమురుతూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది.

"ఆయనకి చూపు పోయింది. ముందు రేచీకటి. తర్వాత పక్కల చూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు అయింది. నేను ఆసుపత్రిలో నర్సుని. మందు లేదని మొదటి రోజే తెలుసు నాకు. ఆట మానెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేనా? మొదటి సగం పొద్దు ఉండగా ఎలాగో నెట్టుకొచ్చేవాడు. రెండో సగానికి లైట్లు వేసేవాళ్ళు... ఆ లైట్ల కింద ఆయనకి ఏమీ కనిపించేది కాదు."

"మరి... మరి ఎలా పట్టేవాడు?"

"మిమ్మల్ని విని."

కండక్టరుకు ఆ మాట వెంటనే దిగలేదు.

"వెనక మెట్ల మీద ఎటువైపు ముందు గోల లేస్తే బంతి అటువైపు అని లెక్క. గోల ఎంత పెరిగితే అంత దగ్గరికి వచ్చిందని లెక్క. నాలుగు వేలమంది కళ్ళతో చూస్తున్నానే, నాకేం తక్కువ అనేవాడు. బయటి ఊళ్ళ ఆటలకి నడుం నొప్పి అని ఎందుకు మానేశాడనుకున్నారు? అక్కడ మీరు ఉండరు గదా."

చీకట్లో కండక్టరు రెండు చేతులూ నేల మీద ఆన్చాడు. భూమి కదులుతున్నట్టుంది.

"తర్వాత పూర్తిగా చీకటే. ఆట లేకపోతే మనిషి బతికేలా లేడని నేనే ఇక్కడికి తీసుకొచ్చేదాన్ని. పక్క గేటు తాళంచెవి ఆయన దగ్గర ఉండిపోయింది. అందరూ పడుకున్నాక వచ్చేవాళ్ళం. ఆయనకి వెలుగుతో పని లేదు. నిశ్శబ్దం కావాలి, అంతే. నేను ఎటువైపో చెప్పి విసిరేదాన్ని. పట్టేవాడు. పట్టినప్పుడల్లా ఎంత సంతోషమో... ఊళ్ళో దెయ్యం అంటున్నారని తెలిసి కడుపుబ్బ నవ్వాడు."

బంతిని ఒళ్ళోకి తీసుకుంది.

"నిన్న నిద్ర పట్టలేదు. ఈ చేతులు ఊరుకోలేదు. వచ్చి విసిరాను. ఇప్పుడు అన్నీ గోడకే తగులుతున్నాయి."

కండక్టరు అడగవలసింది ఇంకా మిగిలే ఉంది. తొమ్మిదేళ్ళ ప్రశ్న.

"వదినా... ఆఖరి రోజు మావైపు ఎందుకు తిరగలేదు? మా మీద కోపమా?"

"కోపమా?" ఆవిడ గొంతులో మొదటిసారి ఒక పొడితనం వచ్చింది. "ఆయనకి ఎవరి మీదా కోపం రాలేదు. నాకు వచ్చింది. మీ అందరి మీదా. మీరు అలా చెయ్యకుండా ఉండాల్సింది."

"ఏం చేశాం?"

"ఆ రోజు ఇంటికొచ్చి గ్లౌజులు తీస్తూ నన్నడిగాడు — 'మెట్ల మీంచి అందరూ ఎప్పుడు వెళ్ళిపోయారే? ఆట అయ్యేదాకా కూడా ఉండలేకపోయారా? అంత బాగా లేనా నేను?' అని. మధ్యలోనే చప్పుడు ఆగిపోయిందట. గోలు పడ్డాక కూడా ఒక్క తిట్టు లేదట. తిట్టినా బాగుండేది అన్నాడు. ఖాళీ మెట్లకి చేతులెత్తి చూపిస్తే నవ్విపోతారని, తిరక్కుండా వచ్చేశాడు."

"వెళ్ళిపోలేదు..." అన్నాడు.

"ఏంటి?"

"వెళ్ళిపోలేదు వదినా! ఒక్కడు కూడా కదల్లేదు. అందరం అక్కడే ఉన్నాం. నిలబడి ఉన్నాం. టోపీలు తీసి... నేనే చెప్పాను. నేనే. మర్యాదకి నోరు మూసుకోమని నాలుగు వేలమందికి నేనే చెప్పాను. ఆయన తిరిగితే అరుద్దామని కాచుకుని ఉన్నాం. ఆయన తిరుగుతాడని..."

"ఆయన మీరు అరుస్తారని నిలబడ్డాడు," అంది ఆవిడ. ఆ మాట ఆవిడ నోటినుంచి ఊపిరిలా వచ్చింది.

"నాలుగేళ్ళ కిందట మేం బస్సెక్కితే నోరు విప్పకుండా టిక్కెట్లు చింపిచ్చిన కండక్టరు... మీరేనా?" అని కొంతసేపటికి మెల్లగా అడిగింది.

"నేనే. ఎదురుగానే నిలుచున్నాను."

"ఒక్క మాట అనలేకపోయారా బాబూ... టిక్కెట్టు అన్నా చాలే. మీ గొంతు వింటే లేచి నిలబడేవాడు."

అప్పుడు వచ్చింది ఏడుపు. గుండెల మీది రాయి దొర్లింది, దాని కింద మూడు రోజులుగా, తొమ్మిదేళ్ళుగా ఆగి ఉన్నదంతా ఒక్కసారి పొంగింది. తను కోరిన జవాబు దొరికింది. కోపం లేదు, ఎన్నడూ లేదు. ఆ జవాబును ఇప్పుడు ఎవరికి తిరిగి చెప్పాలి? నాలుగు వేలమందిలో ఏ ఒక్కరు ఏ ఒక్కరోజు వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టినా ఆ మనిషి ప్రశాంతంగా కన్నుమూసేవాడు. అందరికీ అభిమానం. అందరికీ అలక. వినవలసిన చెవి మట్టిలో కలిసిపోయింది.

ఆవిడ లేచింది. గడ్డి మీద నడుచుకుంటూ వెళ్ళి గోలు గీత దగ్గర ఆగింది. ఖాళీ స్తంభాల నడుమకు తిరిగి, మనిషి అక్కడ నిలబడి ఉంటే ఎలా చెబుతామో అలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఏమండీ... ఉన్నారట. అందరూ ఉన్నారట. ఒక్కరూ వెళ్ళలేదట."

ఏ జవాబూ లేదు. గాలి కూడా లేదు.

"మీరు చెప్పండి," అంది కండక్టరుతో. "నా మాట ఎప్పుడు నమ్మాడు గనక."

కండక్టరు చెక్కగోడ ఎక్కి దూకి, మెట్ల మీద తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. వెనక తలుపు నుంచి ముందు డ్రైవరు దాకా వినిపించే ఆ గొంతు, తొమ్మిదేళ్ళుగా ఆ మైదానంలో పలకని ఆ గొంతు, ఒక్కసారి చీకటిని చీల్చింది.

"ఉన్నామన్నా...! ఇక్కడే ఉన్నాం...!"

గేటు పక్క గదిలో రేడియో టక్కున ఆగిపోయింది.

ఆవిడ చెప్పిన సంగతి కండక్టరు మర్నాడు బావమరిదికి ఒక్కడికే చెప్పాడు. అతను కత్తి పక్కన పెట్టి, మొహాన సబ్బు నురగతో, సగం గీసిన గడ్డంతో ఉన్న బావను అలాగే కుర్చీలో వదిలేసి, వెనక గదిలోకి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఆ రాత్రి ఊడిన రేకు సందులోంచి ఇద్దరు దూరారు. తర్వాతి రాత్రి తొమ్మిదిమంది. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. దీపం తీసుకురావద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. వచ్చి, తమ తమ పాత చోట్లు తడుముకుని నిలబడి, ఒక్కసారి అరిచి, మాటాపలుకూ లేకుండా ఇళ్ళకు పోయేవారు. గోలు ముందు ఆవిడ బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వినేది.

కాపలా తాత ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు. కొత్తగా చేరిన కాపలావాడికి తాళాలు అప్పగిస్తూ, చెవి దగ్గరికి వంగి ఇలా చెప్పి పోయాడట —

"మొన్నటిదాకా ఒక్క దెయ్యమే బాబూ, సర్దుకున్నాను. ఇప్పుడు మెట్లన్నీ నిండిపోయాయి."

ఈ కథ విన్నవారందరికీ శుభమగు గాక. మీరు ప్రేమించినవారు ఎదుట ఉండగానే మీ నోట మాట పెగులు గాక. వారి వైపు మీ అడుగు ముందు పడు గాక. చీకట్లో నిలబడి మీకోసం చెవి ఒగ్గినవారికి మీ గొంతు సకాలంలో చేరు గాక.